వాకిట్లో ఇంకని వాన

మా వీధి చివర ఒక వేపచెట్టు ఉంది. పాతికేళ్ల కింద ఈ హైదరాబాద్ కాలనీకి వచ్చినప్పుడు దాని మొదలు చుట్టూ మట్టి ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఇస్త్రీ బండి అక్కడే ఆగేది. ఇవాళ చూస్తే ఆ చెట్టు సిమెంటులోంచి మొలిచినట్టు ఉంటుంది. మొదటిసారి రోడ్డు వేసినప్పుడు చుట్టూ రెండడుగులు వదిలారు. రెండోసారి జానెడు వదిలారు. మూడోసారి, రెండేళ్ల కింద, కాంక్రీటు తెచ్చి బెరడుకు ఆనించేశారు. మొదలు లావెక్కేకొద్దీ ఆ అంచు బెరడులోకి దిగుతోంది. వేలితో తడిమితే జిగురు కారి గట్టిపడిన చోటు తెలుస్తుంది.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. "చెట్టు చుట్టూ కొంచెం మట్టి వదలరాదా అన్నా" అని మేస్త్రీని అడిగాను. ఆయన తాపీ పక్కన పెట్టి, "గోడ కాడికెంచి గోడ దాంక కొలత సార్. నడుమ ఇడిసిపెడితే బిల్లుల కోస్తరు" అన్నాడు. ఆయన తప్పేం లేదు. ఆయన చేతికిచ్చిన కొలత అది.

గోడ నుంచి గోడ దాకా. మే నెలలో మనకు రాత్రిళ్లు నిద్ర లేకుండా చేస్తున్నదీ, జూలైలో ఇళ్లలోకి నీళ్లు తోలుతున్నదీ ఆ కొలతే. ఎండ వార్త వేసవిలో వస్తుంది, వరద వార్త వానాకాలంలో వస్తుంది. అందుకే రెండూ వేర్వేరు కష్టాలనుకుంటాం. ఎండకు ఏసీ కొంటాం, వరదకు నాలా వెడల్పు చేయమని అర్జీ పెడతాం. వేడెక్కుతున్నదీ, నీటిని తోసేస్తున్నదీ ఒకే నేల అన్న సంగతి మాత్రం మాటల్లోకి రాదు.

రాత్రి పదకొండింటికి గోడ వేడి

మట్టిలో ఎప్పుడూ ఎంతో కొంత తడి ఉంటుంది. ఎండ పడితే అందులో కొంత ఆ తడిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. లీటరు నీరు ఆవిరి కావాలంటే, కరెంటు బిల్లు లెక్కలో చెప్పుకుంటే, సుమారు 0.68 యూనిట్ల వేడి కావాలి. ఆ వేడి ఆవిరితో పాటు పైకి పోతుంది. మా అమ్మ వేసవి సాయంత్రాలు వాకిట్లో రెండు బిందెల నీళ్లు చల్లేది. బిందె 15 లీటర్లనుకుంటే, ఆ రెండు బిందెలూ ఆవిరయ్యేసరికి 20 యూనిట్ల వేడి మా వాకిట్లోంచి వెళ్లిపోయేదన్న మాట. మట్టి వాసన తగ్గి నేల ఆరాక మంచాలు వేసుకునేవాళ్లం. తెల్లారుజామున దుప్పటి వెతుక్కునేవాళ్లం.

తారులో, సిమెంటులో ఆ తడి లేదు. పడిన ఎండ వేడిగానే మారాలి. కొత్తగా వేసిన తారు రోడ్డు తన మీద పడిన వెలుతురులో 5 శాతమే వెనక్కి పంపి మిగతాదంతా మింగుతుంది. పాతబడి బూడిద రంగుకు తిరిగాక 10 నుంచి 15 శాతం వెనక్కి పంపుతుంది. సిమెంటు రోడ్డు కొంత నయం, కొత్తలో 35 నుంచి 40 శాతం దాకా వెనక్కి కొడుతుంది. టైర్ల మసి, నూనె మరకలు పట్టేసరికి అదీ 20, 30కి దిగుతుంది. నడివేసవి మధ్యాహ్నం రోడ్డు పైభాగం 50 నుంచి 65 డిగ్రీల దాకా కాగుతుంది. వాతావరణ శాఖ చెప్పే 42 డిగ్రీలు తెల్ల రంగు వేసిన పెట్టెలో, నేలకు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడేలా పెట్టిన థర్మామీటరు చెప్పే లెక్క. రోడ్డు ఊడ్చే అక్క పాదాల దగ్గర, తోపుడు బండి మీద మామిడిపండ్లు అమ్మే మనిషి మోకాళ్ల దగ్గర ఆ 42 ఎక్కడిది?

పగటి సంగతి ఇది. అసలు నష్టం రాత్రిది. కాంక్రీటు పగలంతా వేడిని లోపలికి లాక్కుని పొద్దు గూకాక మెల్లగా వదులుతుంది. రెండు వైపులా నాలుగేసి అంతస్తులు లేచిన సందులో ఆ వేడి ఆకాశానికి చేరే దారి ఇరుకు. ఈ గోడ వదిలినదాన్ని ఎదుటి గోడ పట్టుకుంటుంది. పైగా ప్రతి కిటికీ కిందా ఉన్న ఏసీ డబ్బా గదిలో వేడిని తెచ్చి సందులోనే పోస్తుంది. రాత్రి పదకొండింటికి మా పడమటి గోడకు అరచెయ్యి ఆనిస్తే ఎక్కువసేపు ఉంచలేం.

పగలు ఎండదెబ్బ తిన్న ఒళ్లు తేరుకోవలసింది రాత్రే. రాత్రి చల్లబడకపోతే గుండెకు విశ్రాంతి దొరకదు. ముసలివాళ్లు, పసిపిల్లలు, రేకుల షెడ్లలో తలదాచుకునే కూలీ కుటుంబాలు ముందుగా దెబ్బతినేది అందుకే. 2015 మే నెల వడగాలుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఐఐటీ భువనేశ్వర్ పరిశోధకులు దేశంలోని 141 నగరాల్లో 2003 నుంచి 2020 దాకా రాత్రిపూట నేల ఎంత వేడిగా ఉందో ఉపగ్రహాల లెక్కలు తీసి 2024లో ప్రచురించారు. నగరాలు చుట్టుపక్కల ఊళ్లకంటే సుమారు 60 శాతం ఎక్కువగా వేడెక్కుతున్నాయనీ, ఆ అదనం నగరీకరణ వల్లే వచ్చిందనీ తేల్చారు. భూతాపం అందరికీ ఉన్నదే. దాని మీద ఈ రెండో దుప్పటి మనం కప్పుకున్నది.

ఒక ఇంటి మీద పడే వాన

ఇప్పుడు అదే వాకిట్లో వాన పడనిద్దాం. మన కాలనీల్లో మామూలు స్థలం 200 గజాలు, అంటే 167 చదరపు మీటర్లు. దాని మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 1,670 లీటర్ల నీళ్లు. నాలుగు సెంటీమీటర్లు, అంటే గంటసేపు గట్టిగా కొట్టిన వాన పడితే 6,700 లీటర్లు. హైదరాబాద్‌లో ఏడాది వాన సగటున 80 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఆ లెక్కన 200 గజాల మీద ఏటా ఉచితంగా పడే నీళ్లు లక్షా 33 వేల లీటర్లు. మనం ఏప్రిల్‌లో ఫోన్ చేసి, బతిమాలి, డబ్బు కట్టి తెప్పించుకునే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 26 అవుతాయి. ఈ లెక్క మొదటిసారి కాగితం మీద వేసినప్పుడు పొరపాటు పడ్డానేమోనని రెండుసార్లు గుణించాను.

చెట్టూ చేమా ఉన్న నేల మీద పడిన వానలో సుమారు సగం లోపలికి ఇంకుతుంది, 40 శాతం ఆకుల మీదుగా, మట్టి మీదుగా ఆవిరైపోతుంది. పారేది 10 శాతమే. ముప్పాతిక భాగానికి పైగా కప్పేసిన బస్తీలో ఇది తలకిందులు: 55 శాతం పారుతుంది, ఇంకేది 15 శాతం. అమెరికా పర్యావరణ సంస్థ పాఠాల్లో చెప్పే లెక్క ఇది. మన నేలల్లో కొంత అటూ ఇటూ అవుతుంది గానీ దిశ మారదు.

మా వీధిలో వాన మొదటి పది నిమిషాలు చూస్తే ఇంకే లెక్కా అక్కర్లేదు. మేడ మీద నుంచి ప్రతి ఇంటికీ ఒక పీవీసీ గొట్టం దిగుతుంది. దాని మూతి గేటు పక్కనుంచి రోడ్డు మీదికి తిరిగి ఉంటుంది. వాన మొదలైన రెండో నిమిషానికి అన్ని గొట్టాలూ ఒకేసారి కక్కుతాయి. పార్కింగ్ టైల్స్ మీద నుంచి ఇంకో పాయ వస్తుంది. అన్నీ కలిసి ర్యాంపుల కిందుగా, ఇస్త్రీ బండి పెట్టే చోటు మీదుగా మెయిన్ రోడ్డుకు పరుగెడతాయి. ముందు పారే నీళ్లు నల్లగా, నురగగా ఉంటాయి. ఆ నలుపులో రోడ్డు మీద ఇన్నాళ్లూ పేరుకున్న టైరు పొడి, డీజిలు, కుక్కల మలం, పాన్ ఉమ్ములు అన్నీ ఉంటాయి. అవి నేరుగా నాలాకు, అక్కడినుంచి మూసీకి. మట్టి నేల అయితే ఇదే నీటిని పట్టి, వడగట్టి, గంటల తరబడి కొద్దికొద్దిగా వదిలేది. వరద తీవ్రత ఎంత నీరు వచ్చిందన్న దానికంటే ఎంత నీరు ఒక్కసారిగా వచ్చిందన్న దాని మీద ఆధారపడుతుంది. నున్నటి నేల చేసే చెడు పని ఈ తొందర పెట్టడమే.

ఇంకో సంగతి. మా ఇంటికి ఒకప్పుడు మూడు మెట్లు ఎక్కి వెళ్లేవాళ్లం. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్తది, దాని మీద ఇంకొకటి వేసుకుంటూ పోయారు. ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్తున్నాం. రోడ్డు ఎత్తయింది, ఇల్లు గుంతలో పడింది. ఈ మాట చదివేవాళ్లలో ఎంతమంది తమ గడప గుర్తు చేసుకుంటున్నారో నాకు తెలుసు.

నాలా ఎంతని మోస్తుంది

హైదరాబాద్ నాలాలు గంటకు రెండు సెంటీమీటర్ల వానకు సరిపడా కట్టినవని అధికారులే ఏళ్లుగా చెబుతున్నారు. అవి కట్టిన రోజుల్లో ఊరి చుట్టూ మైదానాలు, తోటలు, మామిడి వనాలు ఉండేవి. పడినదాంట్లో కొద్ది భాగమే నాలాకు చేరేది. ఇప్పుడు సగానికి పైగా చేరుతోంది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెంటీమీటర్లు కురిసింది. ఆ వరద తర్వాత కిర్లోస్కర్ కమిటీ 2003లో నివేదిక ఇచ్చి, నాలాల మీద ఆక్రమణలు తొలగించి వెడల్పు చేయమంది. ఆ పని ఎంత నత్తనడక నడిచిందో 2020 అక్టోబర్ 13 రాత్రి చూపించింది. ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్ల వాన. పాతబస్తీ వైపు చెరువు కట్టలు తెగాయి, గగన్‌పహాడ్ దగ్గర అప్పచెరువు తెగి బెంగళూరు హైవే మీదికి వచ్చింది. వారం పది రోజులు నీళ్లలో మునిగి ఉన్న కాలనీలున్నాయి.

అంత వానను ఏ వాకిలీ తాగలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. చైనాలో కాంగ్జియన్ యూ అనే నగర రూపకర్త, నగరం స్పాంజిలా నీటిని పీల్చుకోవాలని జీవితమంతా వాదించాడు. ఆ ఆలోచనతోనే 2015లో అక్కడి ప్రభుత్వం 16 నగరాల్లో స్పాంజ్ సిటీ పథకం మొదలుపెట్టింది. ఆ బాట పట్టిన జెంగ్‌జౌ నగరంలో 2021 జూలైలో ఒక్క గంటలో 20 సెంటీమీటర్లు కురిస్తే మెట్రో రైల్లోనే మనుషులు మునిగిపోయారు. అలాంటి రాత్రికి పెద్ద నాలాలు కావాలి, చెరువులు కావాలి, ముందస్తు హెచ్చరిక కావాలి. కానీ మన బతుకుల్ని ఏటా పది పదిహేనుసార్లు ఆపేస్తున్నది ఆ 32 సెంటీమీటర్ల వాన కాదు. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకు పడే మూడు, నాలుగు సెంటీమీటర్ల వాన. నడుం లోతు నీళ్లలో మ్యాన్‌హోల్ మూత ఎక్కడుందో కనబడక అడుగు వేయడానికి భయపడేది ఆ వానకే. దాన్ని తగ్గించడం మన వాకిళ్లకు చేతనవుతుంది.

హైదరాబాద్ రాయి మీద కూర్చుంది కదా, ఎంత ఇంకుతుంది అని భూగర్భ శాస్త్రం తెలిసిన మిత్రుడొకరు అడిగారు. న్యాయమైన ప్రశ్న. పైన కొన్ని మీటర్ల మొరం, కింద గ్రానైట్. కోస్తా ఇసుక నేలల్లో ఇంకినట్టు ఇక్కడ ఇంకదు. మన పెద్దలకు ఇది తెలుసు కాబట్టే వాలు వాలుకూ చెరువు తవ్వి, మత్తడి దూకిన నీరు కింది చెరువులో పడేలా గొలుసు కట్టారు. రాయి తాగని నీటిని చెరువు పట్టేది, మొరం నెమ్మదిగా బావులకు అందించేది. 1562 ప్రాంతంలో కట్టిన హుస్సేన్‌సాగర్‌కు కూకట్‌పల్లి, బంజారా, బల్కాపూర్, పికెట్ నాలాలు నీరు తెచ్చేవి ఆ ఏర్పాటులోనే. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేల మందిని మింగాక విశ్వేశ్వరయ్య సలహా మీద 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నీటిని పైనే ఆపండి అన్నదే ఆయన చెప్పిన మందు. శిఖం భూముల్లో ప్లాట్లు వేసి చెరువుల్ని మూసేశాం, వాకిళ్లలో టైల్స్ పరిచి మొరాన్ని మూసేశాం. ఆపే చోట్లు రెండూ పోయాయి.

వరంగల్‌లో, విశాఖలో, బెజవాడలో ఇదే కథ వేరే పేర్లతో నడుస్తోంది. ఎవరి ఊరి నాలాలు వాళ్లకు తెలుసు.

మట్టి ఎందుకు వద్దనుకున్నాం

మా పక్కింటి పెద్దమ్మతో ఈ సంగతి మాట్లాడాను. వాకిట్లో కొన్ని టైల్స్ తీసేయిద్దామా అని అడిగితే ఆమె నా వైపు చాలాసేపు చూసింది. "ముప్పై ఏండ్లు ఆ మట్టి ఊడ్చిన బిడ్డా. పొద్దుగాల్నే లేసి సాన్పు జల్లిన. వానకాలం బురద కాళ్లతోని లోపటికొస్తే అందరి కాళ్ల గుర్తులు నేనే తుడిచిన. నడుం పోయినంకనే ఈ బండలు ఏపిచ్చిండు నా కొడుకు. మళ్ల మట్టి చేస్తనంటవా?"

నాకు జవాబు రాలేదు. పల్లె వాకిలి గురించి తీపిగా రాసే మనలో చాలామందిమి దాన్ని ఊడ్చినవాళ్లం కాదు. సిమెంటు వాకిలి ఒక తరం ఆడవాళ్లకు నిజంగా ఊరట. బురదలో జారి తుంటి ఎముక విరిగిన తాతయ్యలకు ఊరట. గచ్చు మీద దోమల గుంట నిలవదు, బండి చక్రం దిగబడదు. ఇవన్నీ నిజాలే. వీటిని తీసిపారేసి పాత కాలానికి పోదామనే మాట నేను అనను.

పెద్దమ్మకూ నాకూ కుదిరిన ఒప్పందం ఇది: నడిచే దారి, బండి పెట్టే చోటు అలాగే ఉండాలి. గోడ వెంబడి ఎవరూ అడుగు పెట్టని అడుగున్నర వెడల్పు ఉంది కదా, అక్కడి టైల్స్ మాత్రం తీయాలి. కంకర పోసి, మధ్య మధ్య మొక్కలు పెట్టాలి. మేడ మీద గొట్టం మూతిని రోడ్డు వైపు నుంచి ఇటు తిప్పాలి. కంకరను ఊడ్చే పని లేదు, బురద కాదు, నీళ్లు నిలవవు. మొన్నటి వానాకాలం ఆమె ఇంటి గొట్టం నీళ్లు చిన్న వానలకు గేటు దాటలేదు. ఆమే నన్ను పిలిచి చూపించింది.

గుంత, టైల్, చెట్టు

ఇంకుడు గుంత మాట మనకు కొత్త కాదు. 2000లో నీరు–మీరు కార్యక్రమం ఊరూరా దీన్ని తీసుకెళ్లింది. 2002 వాల్టా చట్టం వాన నీటిని ఒడిసిపట్టే ఏర్పాటును తప్పనిసరి చేసింది. ఇళ్ల ప్లానుల్లో గుంత గీత ఉంటుంది. నేల మీద చాలాచోట్ల అది మూత వేసిన ఖాళీ గుంట, లేదా దాని మీద కారు. ఉన్న గుంత పని చేయాలంటే కింద పెద్ద కంకర, పైన చిన్న కంకర, ఆ పైన ఇసుక ఉండాలి. ఏటా మే నెలాఖరుకు పై ఇసుక ఎత్తి మట్టి కడిగి మళ్లీ పోయాలి. బాత్రూం నీళ్లు కలవనివ్వకూడదు. ఈ ఒక్క కడుగుడు మానేయడం వల్లే ఎన్నో గుంతలు మూడేళ్లకు బండబారాయి.

మధ్యలో రంధ్రాలుండి గడ్డి పెంచుకునే పేవర్ బ్లాకులు మార్కెట్లో దొరుకుతున్నాయి. ఫంక్షన్ హాళ్లు, ఆసుపత్రులు, అపార్ట్‌మెంట్ల పార్కింగులకు అవే వేయాలి. ఎకరాలకు ఎకరాలు నున్నగా పరిచేది అక్కడే. నీరు దిగే తారు, నీరు దిగే కాంక్రీటు కూడా ఉన్నాయి గానీ మన దుమ్ముకు వాటి సందులు పూడుకుపోతాయి. శుభ్రం చేసే మనిషీ యంత్రమూ లేకుండా వేస్తే డబ్బు దండగ.

రోడ్డుకు లేత రంగు వేసే ప్రయోగాలు లాస్ ఏంజిలిస్‌లో, ఫీనిక్స్‌లో జరిగాయి. ఫీనిక్స్‌లో కొలిచి చూస్తే మధ్యాహ్నం రోడ్డు ఆరేడు డిగ్రీలు తక్కువ కాగింది. కానీ ఆ రోడ్డు మీద నడిచే మనిషికి ఎదురుగా కొట్టే వెలుతురు వల్ల వేడి ఇంకా ఎక్కువ తగిలింది. అందుకే రంగు మేడలకు వేయాలని నా అభిప్రాయం. అక్కడ మనుషులు నడవరు. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ఉద్దేశం అదే. మేడకు సున్నం కొట్టుకున్నా ఎంతో తేడా తెలుస్తుంది. రోడ్డుకు మాత్రం చెట్టు నీడకు మించింది లేదు. నీడ పడిన చోట రోడ్డు ఎండ పడిన చోటికంటే 11 నుంచి 25 డిగ్రీల దాకా తక్కువ ఉంటుంది. రోజుకు 100 లీటర్ల నీటిని ఆకులగుండా వదిలే చెట్టు తీసుకెళ్లే వేడి, ఒకటిన్నర టన్నుల ఏసీ 13 గంటలు ఆగకుండా నడిస్తే తోడిపోసే వేడికి సమానం. ఏసీ దాన్ని పక్కింటివాళ్ల మీద పోస్తుంది. చెట్టు ఎవరి మీదా పోయదు. అయితే ఆ 100 లీటర్లు చెట్టుకు వేళ్ల దగ్గర దొరకాలి. బెరడు దాకా కాంక్రీటు పోసి నీడ ఇమ్మంటే ఎలా ఇస్తుంది?

ప్రభుత్వం చేయవలసిన పని పెద్ద ఖర్చుది కాదు. రోడ్ల టెండరులో గోడ నుంచి గోడ దాకా అన్న కొలత మార్చాలి. అంచున మట్టి వదిలిన కాంట్రాక్టరుకు బిల్లు కోయకూడదు. పాత రోడ్డు తవ్వి తీశాకే కొత్తది వేయాలి. జర్మనీలో చాలా పట్టణాలు కప్పేసిన ప్రతి చదరపు మీటరుకూ వాన నీటి రుసుము వసూలు చేస్తాయి. నేల తెరిచి ఉంచినవాళ్లకు బిల్లు తగ్గుతుంది. మన ఇంటి పన్నులో అలాంటి తగ్గింపు ఒకటి పెట్టి చూడవచ్చు. నెదర్లాండ్స్‌లో 2020లో రోటర్‌డామ్, ఆమ్‌స్టర్‌డామ్ జనం ఎవరు ఎక్కువ టైల్స్ పెరికి మొక్కలు పెడతారని పోటీ పెట్టుకున్నారు. ఆ మరుసటేడు అది దేశమంతా పాకింది. ముగ్గుల పోటీలు పెట్టుకునే మన కాలనీ సంఘాలకు ఇలాంటి పోటీ పెట్టడం కష్టమా?

చెట్ల సంగతికి దారి ఇప్పటికే ఉంది. ఢిల్లీలో చెట్ల చుట్టూ ఒక మీటరు దాకా కాంక్రీటు తీసేయమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించింది. ఆ ఆదేశం ప్రతి ఒకటి అర్జీకి జతచేసి మా వేపచెట్టు కోసం కాలనీ తరఫున ఇచ్చాం. ఇరవై ముగ్గురం సంతకాలు పెట్టాం, ఇస్త్రీ బండి ఆయనతో సహా. మీ వీధిలోనూ అలాంటి చెట్టు ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం దాని దాకా నడిచి వెళ్లి మొదలు చుట్టూ ఎంత మట్టి మిగిలిందో చూడండి. తిరిగొచ్చేటప్పుడు మీ మేడ గొట్టం మూతి ఎటు తిరిగి ఉందో చూడండి. గొట్టం తిప్పడానికి ఒక ఎల్బో, అరగంట పని చాలు. తొలకరి లోపు గొట్టం తిప్పండి, చెట్టు కోసం అర్జీ పెట్టండి.